మా పీఎఫ్ మాకు రావడానికి ఇంత తిప్పలా

పీఎఫ్ ఎట్లా తీసుకున్నావక్కా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తున్నా. రూల్స్ అన్నీ ఇందులో దొరకవు, నాకు జరిగిందీ, నాతోపాటు లైన్లో కుట్టినవాళ్ళకి జరిగిందీ రాస్తున్నా అంతే. మధ్యలో గవర్నమెంటును కాస్త తిడతా, అది గిట్టనివాళ్ళు ఆ ముక్కలు వదిలేసి ఫారాల సంగతి చదువుకోండి.

మాది హిందూపురం దగ్గర పల్లె. 2011లో బెంగళూరొచ్చి బొమ్మనహళ్ళి వైపు ఒక గార్మెంట్స్‌లో హెల్పర్‌గా చేరి, కొన్నాళ్ళకే మిషన్ ఎక్కా. ఆ ఫ్యాక్టరీ 2018లో మూతపడింది. అక్కడినుంచి ఇంకోదాంట్లో చేరి 2025 ఎండాకాలం దాకా పనిచేశా. మా లైన్లలో సగానికి సగం తెలుగువాళ్ళే, మడకశిర, కదిరి, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చినవాళ్ళు. సూపర్‌వైజర్ టార్గెట్ కోసం కన్నడంలో అరిస్తే మేం తెలుగులో గొణుక్కునేవాళ్ళం.

ముందు లెక్క చెప్తా, ఎందుకంటే ఇన్నేళ్ళు పనిచేసినవాళ్ళకి కూడా ఇది తెలీదు. బేసిక్ 12 వేలనుకోండి. అందులో 12 శాతం, అంటే 1,440 మన జీతంలో కోస్తారు. కంపెనీ కూడా అంతే వేయాలి, వేస్తుంది, కానీ ఆ వాటాలో 8.33 శాతం, దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు, పెన్షన్ కిందకి పోతుంది. మన పీఎఫ్‌లో పడేది మిగతా 440. రెండూ కలిపి నెలకి 1,880. ఏడాదంతా నడుం పడిపోయేలా కుడితే 22 వేల చిల్లర, పైన వడ్డీ. ఆ వడ్డీ 2015-16లో 8.8 శాతం ఉండేది, 2021-22కి 8.1కి దించేశారు, నలభై ఏళ్ళలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఇప్పుడు 8.25.

గార్మెంట్స్‌లో పనిచేసే ఆడవాళ్ళు ఈ డబ్బును ముసలితనానికని దాచుకోరు. దాచుకునే స్తోమత ఉంటే కదా. కుదవ పెట్టిన గాజులు విడిపించడానికి, లీజు ఇంటికి (నెలనెలా అద్దె బదులు ఒకేసారి పెద్ద మొత్తం కట్టి ఉండేది) తక్కువపడిన లక్ష సర్దడానికి, పిల్ల పీయూసీ (మన ఇంటర్) ఫీజుకి, మొగుడి ఆపరేషన్‌కి వాడతారు. మూడు నాలుగేళ్ళు పనిచేసి, మానేసి, పీఎఫ్ తీసుకుని, ఆ గండం గట్టెక్కి మళ్ళీ ఇంకో గేటు ముందు నిలబడటం మా దగ్గర చీటీ పాడుకున్నంత మామూలు. మా జన్మలో ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం ఇదొక్కటే.

దీన్నే 2016లో ఆపబోయారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వచ్చింది: ఉద్యోగం మానేస్తే నీ వాటా, దాని వడ్డీ మాత్రమే నీకు, యజమాని వాటా 58 ఏళ్ళు నిండాకే అని. అదే నెలాఖర్లో బడ్జెట్‌లో పీఎఫ్ మీద పన్ను కూడా పెట్టబోయారు, జీతగాళ్ళంతా గోల చేసేసరికి మార్చిలో ఆర్థిక మంత్రి జైట్లీ గారు దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ పన్ను సంగతి టీవీల్లో మార్మోగింది. మా రూల్ సంగతి మాకు ఏప్రిల్ దాకా తెలియనే తెలియదు. కన్నడ పేపర్లో వస్తే ఎవరో పట్టుకొచ్చారు. నాకప్పుడు 31 ఏళ్ళు. కంపెనీ వాటా కావాలంటే ఇంకో 27 ఏళ్ళు ఆగాలంట. మా బ్యాచ్‌లో ఒకామె, "అప్పటికి నేనుంటానో లేదో, నా కర్మకాండకి ఇస్తారా?" అంది. ఎవరం నవ్వలేదు.

2016 ఏప్రిల్ 18, సోమవారం. పక్క ఫ్యాక్టరీవాళ్ళు బయటికొచ్చేశారని తెలిసింది. మా దాంట్లో ఎవరు ముందు లేచారో చెప్పలేను, మిషన్ల మీద బండిల్స్ అట్లాగే వదిలేసి జనం గేటు వైపు నడిచారు, నేనూ నడిచా. యూనియన్ పిలుపు లేదు, జెండా లేదు, మైకు లేదు. హోసూరు రోడ్డు మీద ఎటు చూసినా ఐడీ కార్డులు మెడలో వేసుకున్న ఆడవాళ్ళే. ఎలక్ట్రానిక్ సిటీ పోయే కంపెనీ బస్సులన్నీ ఆగిపోయాయి, అద్దాల వెనక నుంచి వాళ్ళు మమ్మల్ని ఫోన్లలో వీడియో తీస్తున్నారు. దారాలు కత్తిరించే ట్రిమ్మర్ నా చేతిలో అలాగే ఉండిపోయింది, నేను చూసుకోలేదు. పక్కనున్నామె, "ఒసేయ్, పోలీసోళ్ళు చూస్తే కత్తి అంటారే" అని నా చేతిలోంచి లాక్కుని తన బ్యాగ్‌లో వేసుకుంది. ఆ ట్రిమ్మర్ మళ్ళీ నాకివ్వలేదు, అది వేరే సంగతి.

మర్నాడు ఇంకా పెద్దదైంది. పీణ్య, జాలహళ్ళి వైపు కూడా జనం రోడ్డెక్కారు. బస్సులు తగలబెట్టారు, హెబ్బగోడి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. లాఠీచార్జి, టియర్ గ్యాస్. తగలబెట్టినవాళ్ళని నేను సమర్థించను, మా ఫ్యాక్టరీవాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు, కానీ దెబ్బలు మాత్రం మాకూ పడ్డాయి. అప్పుడు కార్మిక శాఖ మంత్రి మన సికింద్రాబాద్ దత్తాత్రేయ గారే. 19వ తారీఖున ముందు జూలై 31 దాకా వాయిదా అన్నారు, అదే రోజు చీకటిపడేలోపే నోటిఫికేషన్ మొత్తం రద్దు చేస్తున్నామని చెప్పారు. రెండు రోజుల్లో! ఢిల్లీ నుంచి ఒక రూల్ వెనక్కి పోవడం నా కళ్ళతో నేను చూసింది అదొక్కసారే.

ఇక నా సంగతి.

2025లో మా యూనిట్‌ను ఊరికి దూరంగా వేరే చోటికి మారుస్తున్నామని చెప్పారు. అక్కడికొస్తే రండి, లేదంటే రాజీనామా రాసివ్వండి అన్నారు. పొద్దున ఆరింటికి బస్సెక్కితే రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరం, పిల్లల్ని ఎవరు చూస్తారు? చాలామందిమి రాశాం. కాగితం వాళ్ళే టైపు చేసి పెట్టుకున్నారు, "నా సొంత కారణాల వల్ల" అని. కింద సంతకం మాది. ఈ "సొంత కారణాలు" గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని పని పడుతుంది.

మానేశాక పీఎఫ్ మొత్తం తీసుకోవాలంటే అప్పటి రూల్ ప్రకారం రెండు నెలలు ఆగాలి. ఆగి, ఫోన్లో పోర్టల్ తెరిస్తే రెండో ఫ్యాక్టరీ డబ్బు మాత్రమే కనబడుతోంది. 2011 నుంచి 2018 దాకా కుట్టిన డబ్బు లేదు. జరిగిందేమంటే, రెండో ఫ్యాక్టరీలో చేరినప్పుడు వాళ్ళు నా పాత నంబర్ అడక్కుండానే కొత్త యూఏఎన్, అంటే ఎన్ని కంపెనీలు మారినా ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు, ఇంకోటి తెరిచేశారు. పాత యూఏఎన్‌లో నా పేరు చివర "అమ్మ" లేదు, ఆధార్‌లో ఉంది. పుట్టిన తేదీ జనవరి 1 అని వేసేశారు, చేరినప్పుడు తేదీ చెప్పలేనివాళ్ళందరికీ ఆ క్లర్క్ జనవరి 1 వేసేవాడు. మా లైన్లో కొత్త సంవత్సరం రోజున పుట్టినవాళ్ళు ఎంతమందో! పేరు కలవకపోతే ఆధార్ లింక్ కాదు, ఆధార్ లింక్ కాకపోతే డబ్బు ఆ ఖాతా నుంచి ఈ ఖాతాకి రాదు.

ఇవి సరిచేయాలంటే జాయింట్ డిక్లరేషన్ అని ఒక ఫారం. పేరులోనే ఉంది, జాయింటుగా మనమూ యజమానీ సంతకం పెట్టాలి. 2025 జనవరిలో దీన్ని సులభం చేశారు, ఫోన్లో మనమే మార్చుకోవచ్చని. కానీ అది 2017 అక్టోబర్ తర్వాత యూఏఎన్ వచ్చినవాళ్ళకి. మా పాతవాళ్ళకి యజమాని సంతకం కావాల్సిందే. మా యజమాని ఎక్కడున్నాడు? ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది.

సైబర్ షాపులో ఉన్న ఏజెంట్ మూడు వేలు అడిగాడు, డబ్బు పడ్డాక ఇంకో రెండు వేలంట. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. నేను ఇవ్వలేదు, ఉంటే కదా ఇవ్వడానికి. పీఎఫ్ ఆఫీసుకే పోయా. కౌంటర్‌లో కూర్చున్నాయన నిజానికి మంచివాడే. మూతపడిన ఫ్యాక్టరీ అయితే యజమాని బదులు ఇంకొకరు అటెస్ట్ చేయొచ్చని ఆయనే చెప్పాడు: గెజిటెడ్ ఆఫీసరు, పోస్ట్‌మాస్టరు, మనకు ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు, గుర్తింపు ఉన్న స్కూలు హెడ్మాస్టరు, ఎమ్మెల్యే, ఇలా లిస్టుంది. ఇది రాసుకోండి, ఏజెంట్లు చెప్పరు.

బ్యాంకు మేనేజర్ ఫారం చేత్తో కూడా తాకలేదు. మీ పేరు మా దగ్గర సరిగ్గానే ఉంది కదమ్మా, పీఎఫ్‌తో మాకేం పని అన్నాడు. పోస్టాఫీసులో రేపు రా అన్నారు, మర్నాడూ అదే మాట. చివరికి మా అమ్మాయి చదివిన గవర్నమెంటు స్కూలుకి పోయా. హెడ్‌మిస్ట్రెస్ కన్నడావిడ, కళ్ళద్దాలు పెట్టుకుని ఫారం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది, నా ఆధార్ పక్కన పెట్టుకుని ఒక్కో గడి మీద పెన్ను ఆనించి సరిచూసింది. పాత జీతం స్లిప్పులు చూపించమంది. నేను ప్లాస్టిక్ కవర్లో దాచి పెట్టుకున్నా, అక్షరాలు సగం చెరిగిపోయాయి, అయినా పీఎఫ్ నంబర్ కనబడుతోంది. అన్నీ చూశాక తలెత్తి, "ఇదు నిమ్మదే దుడ్డు తానే?" అంది. మీ డబ్బే కదా అని. హౌదు మేడం అన్నా. "మత్యాకె ఇష్టొందు?" అని గుండ్రటి స్టాంపు గట్టిగా కొట్టి సంతకం పెట్టింది. మరెందుకు ఇంత అని ఆవిడ అడిగినదానికి నాకూ జవాబు తెలీదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇన్నిసార్లు నేను తిరగగలిగానంటే బస్సు ఫ్రీ కాబట్టి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి శక్తి పథకం ఉంది, నా ఆధార్‌లో బెంగళూరు అడ్రస్ ఉంది కాబట్టి జీరో టికెట్. నాతోపాటే మానేసిన మదనపల్లె ఆమె ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రస్సే. ఆమె ప్రతిసారీ టికెట్ కొనాలి, పైగా 2025 జనవరిలో బస్సు చార్జీలు 15 శాతం పెంచారు. రానుపోను చార్జీ, ఆ రోజు కూలి పోవడం, రెండూ లెక్కేసుకుని ఆమె మధ్యలోనే వదిలేసి ఏజెంట్ చేతికిచ్చేసింది. ఉచితాలు ఉచితాలు అని పొద్దస్తమానం ఎద్దేవా చేసేవాళ్ళు ఈ ఇద్దరి లెక్క పక్కపక్కన పెట్టి చూడాలి. ఫ్రీ టికెట్ ఉన్న నాకు నా డబ్బు మొత్తం వచ్చింది, లేని ఆమె తన డబ్బులో కొంత ఏజెంట్‌కి కట్టింది.

ఖజానాలో డబ్బు లేదు, పొదుపు చేయాలి అనే మాట వినబడితే నాకు మా అమ్మ రైలు టికెట్ గుర్తొస్తుంది. 58 దాటిన ఆడవాళ్ళకి రైల్లో సగం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా అని తీసేశారు, కరోనా పోయింది, రాయితీ రాలేదు. అంతకుముందు 2019 సెప్టెంబర్లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు మాత్రం ఖజానా గుర్తుకు రాలేదు. పీఎఫ్ పెన్షన్ కనీసం వెయ్యి రూపాయలని 2014లో పెట్టారు. అదే వెయ్యి ఇప్పటికీ. 7,500 చేయమని పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తూనే ఉన్నారు.

సరే. పేరు మారింది, ఆధార్ లింకైంది, పాత ఖాతాలో "డేట్ ఆఫ్ ఎగ్జిట్" లేదంది. అంటే నేను 2018లో మానేసినట్టు ఎవరూ రాయలేదు, కాగితం మీద ఇంకా అక్కడ కుడుతూనే ఉన్నా. ఇది మాత్రం మనమే వేసుకోవచ్చు, పోర్టల్లో "మార్క్ ఎగ్జిట్" అని ఉంటుంది, ఓటీపీ వస్తుంది. తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టా. 2025 ఏప్రిల్ నుంచి చెక్కు ఫోటో, పాస్‌బుక్ ఫోటో అక్కర్లేదన్నారు, అది నిజంగా మేలు, అంతకుముందు ఫోటో మసగ్గా ఉందని ఎంతమందికి రిజెక్ట్ చేశారో.

ట్రాన్స్‌ఫర్ అవుతుండగా పడింది పిడుగు. 2025 అక్టోబర్ 13న ఢిల్లీలో పీఎఫ్ బోర్డు మీటింగ్ జరిగింది, కార్మిక మంత్రి మాండవీయ గారి ఆధ్వర్యంలో. మధ్యలో తీసుకునే అడ్వాన్సులకి 13 రకాల రూల్స్ ఉండేవి, అన్నీ కలిపి మూడు రకాల అవసరాలుగా ఒక్కటే రూల్ చేశారు, ఏడాది సర్వీసుంటే చాలన్నారు. బాగుంది, కాదనను. దాంతోపాటు ఇంకో మూడు నిర్ణయించారు. ఖాతాలో 25 శాతం ఎప్పుడూ ఉండాలంట. ఉద్యోగం పోయినవాళ్ళు మొత్తం తీసుకోవడానికి ఉన్న రెండు నెలల గడువు 12 నెలలంట. పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకునేవాళ్ళకి రెండు నెలలు కాస్తా 36 నెలలంట. జనం అరిస్తే, 75 శాతం వెంటనే ఇస్తాం కదా, మిగతాది మీ భవిష్యత్తు కోసమే అన్నారు. చాలామంది ఖాతాల్లో చివరికి 50 వేలు కూడా మిగలడం లేదని వాళ్ళే చెప్పారు.

మిగలదు మరి! నెలకి 1,880 చొప్పున పడితే ఎంత మిగులుతుంది? జీతం పెంచితే పీఎఫ్ పెరుగుతుంది. జీతం సంగతి ఎత్తకుండా, మేమేదో చీరలకి తగలేస్తున్నట్టు తాళం వేయడమేంటి? 40 వేలున్న ఆమెకి పదివేలు ఏడాదిపాటు ఆపితే, ఆ పదివేలు ఆమె నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటుంది. పీఎఫ్‌లో ఏడాదికి 8.25, బయట ఏడాదికి 36. ఎవరి భవిష్యత్తు ఇది?

ఇప్పుడు ఆ రాజీనామా కాగితం. కొత్త నిర్ణయంలో కొందరికి మొత్తం వెంటనే ఇస్తామన్నారు: 55 దాటి రిటైరైనవాళ్ళు, పూర్తిగా వికలాంగులైనవాళ్ళు, కంపెనీ తీసేసినవాళ్ళు, అంటే రిట్రెంచ్‌మెంట్. చదివి మా వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి, "అక్కా, మనల్ని తీసేశారు కదా, మనకి వస్తాది" అని పెట్టింది. రాదు. మనం "సొంత కారణాల వల్ల" మానేశాం, సంతకం పెట్టాం. తీసేస్తే నష్టపరిహారం ఇవ్వాలని ఏ గార్మెంట్సూ తీసేయదు, రాయించుకుంటుంది. రూల్ రాసినవాళ్ళకి మా గేటు దగ్గర ఏం జరుగుతుందో తెలియదనుకోవాలా, తెలిసే రాశారనుకోవాలా?

ఆ వారం గ్రూపులో వచ్చినన్ని మెసేజీలు ఎప్పుడూ రాలేదు. ఏడుపు బొమ్మలు, కోపం బొమ్మలు, ఎవరో పెట్టిన పాత 2016 వీడియోలు. రోడ్డెక్కుదాం అని ఒకరిద్దరన్నారు. ఎక్కడ ఎక్కుతాం? అప్పుడు అందరం ఒకే గేటు లోపల ఉన్నాం, ఒకామె లేస్తే లైనంతా లేచింది. ఇప్పుడు సగంమంది మానేసి ఇళ్ళల్లో పనులకి పోతున్నారు, ఫ్యాక్టరీలు తాలూకాలకి, ఆంధ్రాకి పోయాయి, ఎవరి క్లెయిమ్ వాళ్ళ ఫోన్లో, ఎవరి ఓటీపీ వాళ్ళది. నా క్లెయిమ్ ముందు పాస్ కావాలి, తర్వాత ధర్నా సంగతి చూద్దాం అని నాక్కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఆ నిర్ణయం అమల్లోకి వచ్చేలోపే ట్రాన్స్‌ఫర్ పూర్తయి, ఫారం 19, అంటే పీఎఫ్ మొత్తం తీసుకునే ఫారం, పెట్టేశా. ఆ రోజుల్లో టెన్షన్‌తో రాత్రి రెండింటికి లేచి స్టేటస్ చూసుకునేదాన్ని. అండర్ ప్రాసెస్, అండర్ ప్రాసెస్. దీపావళి అయిపోయాక ఒక పొద్దున మెసేజ్ వచ్చింది, డబ్బు పడింది. అయిదేళ్ళ సర్వీసు దాటింది కాబట్టి పన్ను కోయలేదు. బ్యాంకులో ఉన్న గాజులు విడిపించా, అమ్మాయి డిప్లొమా ఫీజు కట్టా, మిగిలింది లీజులో వేశాం.

పెన్షన్ భాగం మాత్రం రాలేదు, రాదు కూడా. పదేళ్ళు దాటితే అది నగదుగా ఇవ్వరు, 58కి నెలనెలా ఇస్తారు. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు: 12 వేలు, 14 ఏళ్ళు, అంటే నెలకి 2,400. ఇంకో 18 ఏళ్ళ తర్వాత.

ఆదివారాలు మా వీధి గుడి అరుగు మీద కొందరం కూర్చుంటున్నాం. స్లిప్పులు, ఆధార్లు పట్టుకొస్తారు, మా అమ్మాయి ఫోన్లో పేరు, తేదీ చూసి పెడుతుంది, నేను జాయింట్ డిక్లరేషన్ నింపుతా, డబ్బులు తీసుకోం. యూనియన్ ఆమె ఒకరు కూడా వస్తున్నారు, 25 శాతం రూల్ వద్దని మంత్రికి పంపే అర్జీ మీద సంతకాలు తీసుకుంటున్నారు. ఫారం నింపించుకున్న ప్రతివాళ్ళూ అర్జీ మీద కూడా సంతకం పెట్టి తీరాలని నేనే షరతు పెట్టా. పోయినవారం ఒకామె, "సంతకం పెడితే నా క్లెయిమ్ ఆపేస్తారేమో అక్కా" అని భయపడింది. ఏం ఆపరు, పెట్టమన్నా. పెట్టింది, తెలుగులో, పేరు చివర "అమ్మ"తో సహా.

మీ పాత జీతం స్లిప్పులు పారేయకండి. నా ఫారం 10సి ఇంకా పెట్టాలి, పెన్షన్ సర్టిఫికెట్ కోసం. అది ఎట్లా తిప్పుతారో అయ్యాక రాస్తా.